పక్క లేన్‌లో స్నేహితురాలు: ఎదిగే వయసు కథలు రాసేవాళ్ల కోసం

ఎదిగే వయసు పిల్లల కథలు చదవడం, రాసినవాళ్లతో కూర్చుని వాటిని దిద్దించడం నా పని. నా దగ్గరికొచ్చే రాతప్రతుల్లో చాలావాటిలో ఇద్దరు వేరువేరు మనుషులు కనిపిస్తారు. ఒకరు ప్రాణస్నేహితురాలు, ఇంకొకరు పోటీకొచ్చే అమ్మాయి. మొదటామె కథానాయిక కన్నీళ్లు తుడుస్తుంది. రెండో ఆమె క్లాసులో వెక్కిరిస్తుంది, ఆఖరి పేజీల్లో ఓడిపోతుంది. చదువుతున్నంతసేపూ నాకు వాళ్లలో ఎవరి గురించీ బెంగ కలగదు. అందుకే రాసినవాళ్లకి ముందుగా చెప్పే మాట ఒకటుంది: ఆ ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని చెయ్యండి. రోజూ పక్కన కూర్చునే పిల్లే పోటీ కూడా కావాలి.

అబ్రహాం టెస్సర్ అనే సైకాలజిస్టు ఇంకొకరితో కలిసి చేసిన ఒక ప్రయోగం 1980లో అచ్చయింది. ఎదుటివాళ్లు ఒక మాటని కనిపెట్టాలి, మీరు వాళ్లకి క్లూలు ఇవ్వాలి. సులువైనవి ఇస్తారో కష్టమైనవి ఇస్తారో మీ ఇష్టం. ఇది ఊరికే ఆట అని చెప్పినప్పుడు జనం తమ స్నేహితులకి సులువైన క్లూలే ఇచ్చారు. అదే ఆట మీ తెలివితేటల్ని బయటపెడుతుందని చెప్పేసరికి, ముక్కూమొహం తెలియనివాళ్ల కంటే స్నేహితులకే కష్టమైన క్లూలు ఇచ్చారు. కథ రాసేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకున్నా సగం పని అయినట్టే.

ఆ తర్వాత టెస్సర్ కట్టిన సిద్ధాంతంలో మూడు సంగతులు కలిసి పనిచేస్తాయి: ఎంత దగ్గరివాళ్లు, ఎవరు మెరుగు, ఆ విషయం నాకు ఎంత ముఖ్యం. మూడూ ఒకేచోట కలిసినప్పుడు మనసు మండుతుంది. మూడోది లేకపోతే అదే స్నేహితురాలి గెలుపు చూసి పొంగిపోతాం, నలుగురికీ చెప్పుకుంటాం. అంటే ఒకే అమ్మాయిని చూసి కథానాయిక ఒక పేజీలో గర్వపడొచ్చు, తర్వాతి పేజీలో రగిలిపోవచ్చు. రెండూ నిజమే. రెండూ మీ కథలో ఉండాలి.

మాట్లాడుకోవడానికి వీలుగా ఇద్దరు పిల్లల్ని ఊహించుకుందాం. వాణి, సుజాత. ఇద్దరికీ పదమూడేళ్లు. ఇద్దరూ 800 మీటర్లు పరిగెడతారు. సుజాత బాగా పాడుతుంది కూడా. సుజాత పాడుతుంటే వాణి పక్కవాళ్లని మోచేత్తో పొడిచి "నా ఫ్రెండే" అంటుంది, ఎందుకంటే తనకి పాటలో పోటీ లేదు. పరుగు దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. పరుగు మీద ప్రాణం పెట్టుకున్నది వాణి. సుజాత వాణితో కలిసి ఉండొచ్చని మైదానానికి వచ్చింది. ఇప్పుడు సుజాతే బాగా పరిగెడుతోంది.

పోటీ ఎక్కడో ముందు తేల్చుకోండి

"అన్నింట్లోనూ పోటీ" అని రాస్తే ఎందులోనూ లేనట్టే. మార్కులు, అందం, స్నేహితుల గుంపు, ఆటలు అన్నీ కలిపి కొట్టకండి. ఒక్క రంగం ఎంచుకోండి. అందులో గెలుపోటములు కంటికి కనిపించాలి, శరీరమో చేతులో పనిచెయ్యాలి, మీకు దాని లోపలి సంగతులు తెలిసుండాలి. చదరంగం, బొమ్మలు, ఈత, వీణ, ఏదైనా సరే.

లోపలి సంగతులు ఎందుకంటే కథ వాటిలోంచే పుడుతుంది. 800 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ చుట్టూ రెండు రౌండ్లు. మొదటి మలుపు వరకు ఎవరి లేన్‌లో వాళ్లు ఉండాలి, అది దాటాక అందరూ లోపలి వైపుకి వచ్చేస్తారు. ముందు పరిగెత్తేవాళ్లు గాలిని చీల్చుకుంటూ వెళ్లాలి. వెనక భుజానికి ఆనుకున్నట్టు వచ్చేవాళ్లకి ఆ శ్రమ కొంత తప్పుతుంది. ఇప్పుడు వాణి, సుజాతల్ని అక్కడ పెట్టండి. రెండేళ్లుగా ప్రాక్టీసులో వాణి ముందు, సుజాత వెనక. అది వాళ్ల అలవాటు, వాళ్ల సరదా. ఒకరి ఊపిరి చప్పుడు ఇంకొకరికి వినిపించే దూరం. సెలెక్షన్ రోజు ఆఖరి రెండొందల మీటర్లలో ఆ చప్పుడు వాణి కుడి చెవి వైపుకి జరుగుతుంది. స్నేహం ఎలా ఉండేదో, ఇప్పుడు ఏమవుతోందో చెప్పడానికి వేరే వాక్యం అక్కర్లేదు. ఆట నియమాలు తెలియకపోతే ఈ సీను మీకు దొరకదు. కాబట్టి రాసే ముందు వెళ్లి ఆ పని చేసేవాళ్లని చూడండి. కోచ్‌లు ఏమని అరుస్తారో, పిల్లలు బూట్లు ఎక్కడ విప్పి పెడతారో, ఓడినవాళ్లు ఎటు చూస్తారో రాసుకోండి.

ఇంకొక మాట. ఇద్దరూ సమానంగా కోరుకోకూడదు. ఎక్కువ కోరుకునేవాళ్లకి తక్కువ వచ్చినప్పుడే కథ కదులుతుంది.

స్నేహాన్ని ముందు కట్టండి

రాతప్రతుల్లో నాకు తరచుగా ఎదురయ్యే వాక్యం "వాళ్లిద్దరూ చిన్నప్పటి నుంచి ప్రాణస్నేహితులు". రచయిత దానితో పని అయిపోయిందనుకుని మూడో పేజీలో గొడవ పెట్టేస్తారు. పాఠకులకి ఆ స్నేహంలో వాటా లేదు కాబట్టి అది పోయినా వాళ్లకేం పోదు. నవల అయితే మొదటి పాతిక ముప్ఫై పేజీలు, చిన్న కథ అయితే కనీసం ఒక నిండు సీను ఈ స్నేహానికే ఇవ్వండి. ఆ సీనులో గొడవ నీడ కూడా పడనివ్వకండి.

స్నేహం కనపడేది పనుల్లో. ఎవరు ఎవరి కోసం ఆగుతారు? ఎవరి నోట్సు ఎవరి దగ్గరుంటుంది? ఇద్దరికే అర్థమయ్యే మాట ఏది? ఒకరి ఇంట్లో ఇంకొకరు అడక్కుండా తెరిచే తలుపు ఏది? సుజాతకి ఎడమ బూటు లేసు ఎప్పుడూ ఊడిపోతుంది అనుకుందాం. వాణి దాన్ని డబుల్ ముడి వేస్తుంది, ప్రతిసారీ "నువ్వు ఎప్పుడు నేర్చుకుంటావే" అంటుంది. సుజాత నేర్చుకోదు, నేర్చుకోవాలని తనకి లేదు కూడా. ఇలాంటిది ఒకటి దొరికితే వంద విశేషణాలు కొట్టెయ్యొచ్చు. తర్వాత ఎప్పుడో ఒక ఉదయం సుజాత తన లేసు తనే కట్టుకుంటూ వాణికి కనిపిస్తుంది. ముడి గట్టిగానే ఉంటుంది. వాణి చూసి తల తిప్పుకుంటుంది. పాఠకులకి కడుపులో కలుక్కుమంటుంది.

ఈ వయసు స్నేహంలో లెక్కలు కూడా ఉంటాయని మరిచిపోకండి. పోయినసారి నేను ఆగాను, ఈసారి నువ్వు ఆగాలి. నా రహస్యం ఒకటి నీ దగ్గరుంది, నీది ఒకటి నాకు కావాలి. పెద్దయ్యాక ఈ లెక్కలు మనకి చిన్నవిగా తోస్తాయి. పదమూడేళ్ల పిల్లకి అవి న్యాయం అన్యాయం అంత పెద్దవి. రాసేటప్పుడు వాటిని పైనుంచి చూసి ముద్దుచెయ్యకండి, ఆ పిల్ల ఎంత సీరియస్‌గా తీసుకుంటుందో అంత సీరియస్‌గా తీసుకోండి. ఈ సాహిత్యం మీద నాకున్న ప్రేమంతా ఇక్కడే ఉంది. పెద్దవాళ్లు మరిచిపోయిన బరువుల్ని ఇది మళ్లీ తూచి చూపిస్తుంది.

అవతలి మనిషికి పోటీ సంగతే తెలియకపోవచ్చు

జాన్ నోల్స్ 1959లో రాసిన 'ఎ సెపరేట్ పీస్' నవలలో జీన్ చదువులో ముందుంటాడు, ఫిన్నీ ఆటల్లో. ఫిన్నీ తనని ఎప్పుడూ ఆటలకి లాక్కుపోయేది తన చదువు చెడగొట్టడానికేనని జీన్ గట్టిగా నమ్ముతాడు. ఆ నమ్మకంతో చాలా రోజులు గడుపుతాడు. తర్వాత తెలుస్తుంది, ఫిన్నీకి అలాంటి ఆలోచనే లేదని. జీన్‌ని కుంగదీసేది ఆ తెలియడమే. శత్రుత్వం ఉన్నంతకాలం ఇద్దరూ సమానం అనుకున్నాడు. అది లేదనేసరికి తను చిన్నవాడైపోయాడు.

మీ కథలో ఇది వాడుకోవడానికి ఒక పని చెయ్యండి. కథ ఎవరి వైపు నుంచి నడుస్తోందో వాళ్లని కాసేపు పక్కనపెట్టి, అదే వారం అవతలి పిల్ల డైరీలో ఎలా ఉంటుందో రెండు పేజీలు రాయండి. ఆ పేజీలు పుస్తకంలోకి రావు. రాయడం మొదలుపెట్టాక మీకే ఆశ్చర్యం కలుగుతుంది. వాణి రాత్రంతా నిద్రపోకుండా తల్చుకున్న సెకన్ల తేడా సుజాత డైరీలో ఉండదు. అక్కడ ఇంట్లో గొడవ ఉంటుంది, పాటల టీచర్ అన్న మాట ఉంటుంది, "వాణి ఈమధ్య సరిగ్గా మాట్లాడటం లేదు, నేనేం చేశానో" అన్న ఒక్క లైను ఉంటుంది. ఆ ఒక్క లైను మనసులో పెట్టుకుని మళ్లీ మీ కథలోకి వెళ్లండి. సుజాత మాటల తీరే మారుతుంది.

రెండువైపులా పోటీ ఉన్న కథలు కూడా గొప్పగా ఉంటాయి. ఎలెనా ఫెరాంటె 2011లో ఇటాలియన్‌లో రాసిన, ఇంగ్లీషులో 'మై బ్రిలియంట్ ఫ్రెండ్' పేరుతో వచ్చిన నవలలో కథ చెప్పే ఎలెనా చదువు కొనసాగిస్తుంది, లీలా చదువు ప్రాథమిక పాఠశాలతో ఆగిపోతుంది. అయినా వెనకబడ్డానన్న భావన ఎలెనాదే. తెలివైన స్నేహితురాలంటే లీలాయే అనుకుంటూ చదువుతాం. చివరికొచ్చేసరికి "తెలివైన స్నేహితురాలివి నువ్వే" అని లీలాయే ఎలెనాతో అంటుంది. ఇద్దరిలో ఎవరు ముందున్నారో ఇద్దరికీ వేరువేరుగా కనిపించడం, పోటీ మీద పుస్తకం మొత్తాన్ని నిలబెట్టగల సంగతి.

ద్రోహం చిన్నదిగా ఉండాలి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి రాతప్రతులు కూడా ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే. రచయితలకి ద్రోహం అనగానే పెద్దది కావాలనిపిస్తుంది. బూట్లు దొంగిలించడం, మెట్ల మీంచి తొయ్యడం, లేనిపోని పుకారు. అలాంటివి చేసిన పిల్లని మనం వెంటనే వేరే గట్టున పెట్టేస్తాం, "నేను అలా చెయ్యను" అనుకుంటాం. చేశానా లేదా అని చేసినవాళ్లకే అనుమానం కలిగేంత చిన్నది రాస్తే తప్పించుకోలేం. క్లూల ప్రయోగంలో జనం చేసింది అదే. ఎవరినీ కొట్టలేదు. కొంచెం కష్టమైన క్లూ ఇచ్చారు.

సెలెక్షన్‌కి వారం ముందు. సాయంత్రం కోచ్ వాణితో అంటాడు:

"రేపు ప్రాక్టీస్ ఆరింటికి కాదు, ఐదున్నరకే. సుజాతకి కూడా చెప్పు."

"సరే సార్."

ఇద్దరూ ఎప్పటిలాగే కలిసి ఇంటికి నడుస్తారు. సుజాత వాళ్ల అక్క గురించి ఏదో చెబుతుంటుంది, మధ్యలో నవ్వుతుంటుంది. వాణి కూడా నవ్వుతుంది. ఇద్దరూ విడిపోయే మలుపు వస్తుంది.

"రేపు కలుద్దాం," అంటుంది సుజాత.

"ఊఁ."

సీను అక్కడితో ఆపండి. వాణి మనసులో ఏముందో ఒక్క ముక్క రాయకండి. వాణి మరిచిపోయిందా, చెప్పకూడదనుకుందా? ఆ నిమిషంలో వాణికే తెలియదు. పాఠకులకి తెలుస్తుంది.

మర్నాడు ఆరింటికి సుజాత వచ్చేసరికి మిగతావాళ్లు చెమటలు కక్కుతూ సాగదీతలు చేస్తుంటారు. కోచ్ మొహం ముడుచుకుని ఉంటుంది.

"ఏమే, టైం మార్చారా?"

"నీకెవరూ చెప్పలేదా?" అంటుంది వాణి.

కథ మొత్తానికి మలుపు ఈ ఒక్క వాక్యం. నిన్నటిది ఊరుకోవడం, ఇవాళ్టిది అబద్ధం. వాణి దాటిన గీత ఇది. దాటినట్టు తనకి తెలిసేది కూడా ఇప్పుడే. అందుకే తర్వాత వాణి చేసే పని మీద మీ శ్రద్ధ అంతా పెట్టండి. ఆ రోజు అందరూ వెళ్లిపోయాక వాణి సుజాతతో ఉండిపోతుంది. "పద, నీతో ఇంకో రౌండ్ పరిగెడతా" అంటుంది. నిజంగానే అలసిపోయి ఉంటుంది, అయినా పరిగెడుతుంది. తప్పు చేసిన పిల్ల ఒక్కోసారి మామూలు కంటే ఎక్కువ మంచిగా ఉంటుంది. ఆ మంచితనం దొంగది కాదు, పూర్తిగా నిజమైందీ కాదు. దాన్ని అలాగే రాయండి, ఏదో ఒకటి తేల్చెయ్యకండి.

ఇదే సీనుని "వాణి గుండెల్లో అసూయ భగ్గుమంది. సుజాత రాకపోతే నేనే గెలుస్తాను అనుకుంది" అని రాస్తే ఏం పోతుందో చూడండి. అనుమానం పోతుంది, దానితో పాటు పాఠకుల పని కూడా పోతుంది. దిద్దేటప్పుడు అసూయ, ఈర్ష్య, కుళ్లు అన్న మాటలు కనిపించినచోటల్లా కొట్టేసి, అక్కడ చేత్తో చేసిన పనో, చెయ్యకుండా వదిలేసిన పనో పెట్టండి. పిల్లలు ఒకరినొకరు తిట్టుకునేటప్పుడు ఆ మాటలు వాడితే ఉంచొచ్చు.

పెద్దవాళ్లు, మూడో మనిషి, శరీరం

పెద్దవాళ్లకి ఎక్కువ జాగా ఇవ్వకండి. కాకపోతే ఒక్క పోలిక వాక్యం వాళ్ల నోటి నుంచి రావాలి. "సుజాతని చూడు, ఎంత తేలిగ్గా పరిగెడుతోందో." అన్నవాళ్లు మరుసటి నిమిషంలో మరిచిపోతారు. విన్న పిల్లకి అది ఏళ్ల తరబడి ఉంటుంది.

మూడో స్నేహితురాలు వస్తే అటూ ఇటూ కబుర్లు మోయడానికి మాత్రమే వాడకండి. తనకీ ఏదో ఒక కోరిక ఉండాలి. లేకపోతే తను కథలో వద్దు.

శరీరాన్ని మాత్రం మరిచిపోకండి. ఒకే వయసు పిల్లలు ఒకేసారి పెరగరు. సగటున ఆడపిల్లలు మగపిల్లల కంటే దాదాపు రెండేళ్లు ముందు పొడవు సాగుతారు. ఆడపిల్లల్లోనే ఒకరు పదకొండుకి, ఇంకొకరు పద్నాలుగుకి సాగొచ్చు. సెలవులకి ముందు భుజం భుజం కలిసిన ఇద్దరు, సెలవులయ్యాక కలిస్తే ఒకరి కళ్లు ఇంకొకరి గడ్డం దగ్గరుంటాయి. ఎవరి తప్పూ లేదు, ఎవరి కష్టం వల్లా రాలేదు. కష్టపడితే గెలుస్తామని నేర్పించిన పిల్లకి ఇది మొదటి పెద్ద దెబ్బ. "కాలం గడిచింది" అని రాసే బదులు సుజాత పాత స్కర్టు మోకాలు దాటి పైకి రావడం చూపించండి. వాణి ఇప్పుడు ఒక్కో అంగ ఎంత పెద్దగా వెయ్యాల్సి వస్తోందో చూపించండి.

ఎవరు చెబుతున్నారు, ఎంత దూరం నుంచి

దీన్ని రాయడం మొదలుపెట్టకముందే తేల్చుకోండి. రెండు దారులున్నాయి. కథ జరుగుతున్నప్పుడే పదమూడేళ్ల పిల్ల చెప్పొచ్చు. లేదా ఎన్నో ఏళ్ల తర్వాత పెద్దావిడ వెనక్కి చూసి చెప్పొచ్చు. మొదటిది పట్టుకుంటే ఆ పిల్లకి తెలియనివి మీరు చెప్పకూడదు. "నాలోని అభద్రతే నన్నలా చేయించింది" అని పదమూడేళ్ల పిల్ల అనదు. "ఆ రోజు కడుపులో ఏదోలా ఉంది, అన్నం తినలేదు" అంటుంది. రెండోది పట్టుకుంటే తెలివి ఎక్కువవుతుంది కానీ వేడి తగ్గే ప్రమాదముంది. పెద్దావిడ గొంతు ప్రతి సీను చివరా వచ్చి అర్థం చెప్పకుండా చూసుకోండి. మనుషులు ముసలితనంలో కూడా పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా గుర్తుచేసుకుంటారని జ్ఞాపకశక్తి మీద పనిచేసేవాళ్లు చెబుతారు. కాబట్టి అరవై ఏళ్ల మనిషి ఒక రేసు గురించి ఇప్పటికీ తల్చుకోవడంలో అతిశయోక్తి లేదు. అయితే జ్ఞాపకం తన పక్షం వహిస్తుంది. ఆవిడ తనకి అనుకూలంగా మార్చి చెబుతున్న చోటు ఒకటైనా పాఠకులు పట్టుకోగలగాలి.

నా ఇష్టం చెప్పమంటే, మొదటి కథ రాస్తున్నవాళ్లు పదమూడేళ్ల గొంతే ఎంచుకోవాలంటాను. దాచుకోవడానికి చోటు ఉండదు, చేయి తిరుగుతుంది.

రేసు తర్వాత

ఫలితంతో కథ ముగియకూడదు. వాణి గెలిస్తే చెప్పని ఆ మాట వల్ల గెలిచానా అన్న టెన్షన్ తనకి మిగులుతుంది. ఓడితే అంత చేసి కూడా ఓడానన్నది మిగులుతుంది. రెండిట్లో ఏదైనా పనికొస్తుంది. రేసుని రెండు పేజీల్లో అవగొట్టి, అసలు కాగితాలు తర్వాతి రోజుల కోసం దాచుకోండి. పరుగు అయ్యాక నీళ్ల సీసా ఎవరు ఎవరికి ఇచ్చారు, ఇంటికి ఎవరు ఏ దారిన వెళ్లారు, మర్నాడు క్లాసులో ఎవరు ఎక్కడ కూర్చున్నారు.

పిల్ల ఎదిగిందని చూపించడానికి నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి ఒకటుంది. మొదటి పరీక్ష లాంటిదే ఇంకో పరీక్ష తెచ్చిపెట్టండి, ఈసారి దాని ఖరీదు పెంచండి. ఏడాది తర్వాత ఇంకో సెలెక్షన్, ఉన్నది ఒకే చోటు. సుజాత వేరే ఊరు వెళ్లింది, తేదీ మారిన సంగతి తనకి చేరలేదు. ఈసారి చెప్పమని ఎవరూ వాణికి పురమాయించలేదు. చెప్పకపోతే తప్పుపట్టేవాళ్లు కూడా లేరు. వాణి ఫోన్ తీస్తుందా? తీస్తే ఏమని మొదలుపెడుతుంది? ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేకపోతే ఆ "హలో" ఎంత కష్టమో రాయండి. ఈ సీను కోసమే మొదటి సీనుని అంత పొదుపుగా రాసింది. పేజీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఒకే రకం మాటలు, ఒకే రకం నిశ్శబ్దాలు కనిపించాలి, వాణి పని మాత్రం మారాలి.

స్నేహం మళ్లీ కలవాలా? కలవాల్సిన అవసరం లేదు. ఈ వయసు స్నేహాలు చాలావాటిని ఎవరూ తెంచరు. వేరే సెక్షన్, వేరే బస్సు, వేరే స్నేహితులు, వాటంతటవే పల్చబడతాయి. అలా రాసే ధైర్యం ఉంటే రాయండి. కలపాలనుకుంటే మాత్రం కన్నీళ్లతో క్షమాపణ ఉపన్యాసం పెట్టకండి.

ఇక ఆ పాత రహస్యం. అది మూడో మనిషి ద్వారా అనుకోకుండా బయటపడటం నాకు అస్సలు నచ్చదు. వాణి చెయ్యాల్సిన పనిని అదృష్టం చేసేసినట్టవుతుంది. వాణి చెప్పాలి, లేదా చెప్పకుండా మోసుకుపోవాలి. చెప్పించదలిస్తే సుజాత చేత "నాకు అప్పుడే తెలుసు" అనిపించకండి. చాలామంది అలాగే రాస్తారు, క్షమాపణ చవకైపోతుంది. సుజాతకి నిజంగా ఇప్పుడే తెలియనివ్వండి. తను కాసేపు ఆలోచించి అడిగే ప్రశ్న వేరేగా ఉండొచ్చు:

"ఆ రోజు నాతో ఇంకో రౌండ్ పరిగెత్తావు కదా. అందుకేనా?"

తనకి ఇన్నాళ్లూ మంచి జ్ఞాపకంగా ఉన్నదాన్ని సుజాత ఇప్పుడు మళ్లీ పరీక్షగా చూస్తోంది. పోయింది రేసు ఒక్కటే కాదని వాణికి అప్పుడు తెలుస్తుంది. ఈ ప్రశ్నకి జవాబు "అవును" అని ఒకసారి, "ఏమో, తెలీదు" అని ఒకసారి, "కాదు" అని ఒకసారి రాసి, ప్రతిదాని కింద సీను ఒక పేజీ ముందుకి నడిపించండి. ఏ జవాబు తర్వాత సుజాత మాటలు మీరు వెతక్కుండానే వస్తాయో దాన్ని ఉంచుకుని మిగతావి తీసెయ్యండి.